మన ఫిర్యాదు మనమే కొడదాం

సోమవారం వచ్చిందంటే కలెక్టరాఫీసు ముందు, మండలాఫీసు ముందు మనోళ్లు బారులు తీరతారు. ఒకరిది ఇంటిస్థలం, ఒకరిది శ్మశానం దారి, ఒకరిది ఆగిపోయిన పింఛను. అందరి చేతిలోనూ ఒక కాగితం ఉంటుంది. ఆ కాగితం మీదున్న మాటలు మాత్రం వాళ్ల నోటి నుంచి వచ్చినవి కావు. ఆఫీసు గేటు పక్కన జిరాక్సు షాపులో కూర్చున్న కుర్రాడు కొట్టిపెట్టినవి. పేజీకి ఇంతని తీసుకుంటాడు. డబ్బు సంగతి అట్లా ఉంచుదాం, మాట సంగతి మాట్లాడుకుందాం.

వాడ మీదికొచ్చి, పదిమంది చూస్తుండగా, కులం పేరు పెట్టి, తల్లిని కలిపి తిట్టినవాడి మీద ఫిర్యాదు చేయాలని మనిషి షాపుకు పోతాడనుకోండి. కుర్రాడు వింటాడు. కొన్ని మాటలు కొట్టడానికి సిగ్గుపడతాడు. కొన్నింటికి భయపడతాడు. తిట్టిన పెద్దమనిషే ఆ షాపు గదికి ఓనరు కావచ్చు, రేపు పొద్దున మళ్లీ ఎదురుపడేవాడు కావచ్చు. చివరికి కాగితం మీద పడేదేమిటి? ‘సదరు వ్యక్తి నన్ను దుర్భాషలాడి ఇబ్బందులకు గురిచేసినారు.’ చదువురాని మనిషి వేలిముద్ర వేస్తాడు, చదువొచ్చిన మనిషి సంతకం పెడతాడు. ఏం తిట్టాడు? ఎక్కడ తిట్టాడు? ఎవరెవరు విన్నారు? అన్నీ ఆ షాపులోనే రాలిపోయాయి.

రాలిపోయినవి చిన్న మాటలా? 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు, 2016 జనవరి 26 నుంచి ఆ సవరణ అమల్లో ఉంది. అందులో 3(1)(ఆర్), 3(1)(ఎస్) అని రెండు క్లాజులున్నాయి. కావాలని అవమానించడం మొదటిది, కులం పేరుతో తిట్టడం రెండోది. రెండింటికీ అది నలుగురి కంటపడే చోట జరిగి ఉండాలని షరతు. ‘దుర్భాషలాడినారు’ అన్న ముక్కలో కులం లేదు, చోటు లేదు, నలుగురు లేరు. అది చదివిన ఎస్సై, ఇది మామూలు గొడవ పొమ్మంటే తప్పు ఎస్సైది మాత్రమేనా? చట్టం మన చేతికిచ్చిన కత్తిని మన కాగితమే మొద్దు చేస్తోంది.

అందుకే ఈ సంచికలో కంప్యూటరు గురించి రాస్తున్నాం. భూమి, కూలి, రాజ్యాధికారం గురించి రాసే పేజీలో ఈ మీటల గోలేమిటని కొందరు కార్యకర్తలు మొహం చిట్లిస్తారని తెలుసు. 1920 జనవరి 31న అంబేద్కర్ ‘మూక్‌నాయక్’ పక్షపత్రిక మొదలుపెట్టినప్పుడు, డబ్బిస్తాం ప్రకటన వేయమని అడిగినా ‘కేసరి’ పత్రిక వేయలేదు. మన మాట వాళ్ల అచ్చుయంత్రం మీద ఎక్కదని ఆనాడే తేలిపోయింది. ఇప్పుడు అచ్చుయంత్రం ఒక బల్ల మీదికొచ్చింది. చాలా ఊళ్లలో మన అంబేద్కర్ భవనంలోనో, సంఘం గదిలోనో ఎవరో ఇచ్చిన పాత కంప్యూటరు గుడ్డ కప్పుకుని కూర్చుని ఉంది. ఎందుకు వాడటం లేదని అడిగితే ‘అందులో తెలుగు లేదు సార్’ అంటారు. ఉంది. పదినిమిషాల పని చేస్తే పైకొస్తుంది.

ముందు ఒక భ్రమ వదలాలి. మీటల మీద ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి కాబట్టి అది ఇంగ్లీషు యంత్రం అనుకుంటాం. ఆ అక్షరాలు పైన పూసిన రంగు మాత్రమే. మీట నొక్కితే యంత్రానికి చేరేది ‘ఫలానా నంబరు మీట నొక్కారు’ అన్న కబురు ఒక్కటే. ఆ నంబరుకు ఏ అక్షరం వేయాలన్నది లోపల ఉండే ఒక పట్టిక చెబుతుంది. పట్టిక మారిస్తే అక్షరం మారుతుంది. ఈ పట్టికనే లేఅవుట్ అంటారు, అమరిక అందాం. ఇంగ్లీషువాడి అమరిక కూడా దేవుడిచ్చింది కాదు. క్యూ, డబ్ల్యూ, ఈ, ఆర్ అని మొదలయ్యే ఆ వరుస 1870లలో అమెరికాలో రెమింగ్టన్ కంపెనీ టైపుమిషన్లతో బజారుకెక్కింది. అది బాగాలేదని 1936లో డ్వోరక్ అనే ప్రొఫెసరు వేరే అమరికకు పేటెంటు తీసుకున్నాడు. ఇంగ్లీషువాళ్లే తమ మీటలు మార్చుకుంటుంటే మనం ముట్టుకోవడానికి భయపడటం ఏంది?

తెలుగు కొట్టడానికి ఇప్పుడు ప్రధానంగా మూడు దారులున్నాయి.

మొదటిది డీటీపీ షాపుల దారి. అను లాంటి ఫాంట్లతో పోస్టర్లు, కరపత్రాలు, పెళ్లికార్డులు చేస్తారు. చూడ్డానికి అందంగానే ఉంటాయి. కానీ ఆ పాత ఫాంట్లలో ఫైలు లోపల ఉండేవి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లీషు గుర్తులకు తెలుగు బొమ్మలు తొడిగి చూపిస్తారు. ఆ ఫాంటు లేని ఇంకో కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగీతలు కనబడతాయి. ఫోనులో పంపితే చదవలేం, ఒక పేరు వెతికితే దొరకదు. మన ఉద్యమాల కరపత్రాలు ఎన్నో అట్లా పాత డిస్కుల్లో తాళం పడి ఉన్నాయి. ఇక దాని గురించి ఎక్కువ చెప్పం. అచ్చుకు పనికొస్తే వాడుకోండి, ఫిర్యాదులకు మాత్రం వద్దు.

రెండో దారి ఇంగ్లీషు స్పెల్లింగుతో కొట్టడం. ‘ఏ, ఎమ్, ఎమ్, ఏ’ అని కొడితే ‘అమ్మ’ అని పడుతుంది. చదువుకున్న పిల్లలంతా ఇదే వాడుతున్నారు. ఈ పద్ధతుల్లో పాతదైన ఆర్టీఎస్‌ను అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువాళ్లు తయారు చేసుకున్నారు. వాళ్ల ముందు ఇంగ్లీషు కీబోర్డే ఉంది, వాళ్లకు ఇంగ్లీషు వచ్చు, వాళ్ల అవసరానికి వాళ్లు చేసుకున్నారు. తప్పు పట్టాల్సిన పని లేదు. మన పేటలో రాత్రిబడికి వచ్చి అక్షరాలు నేర్చుకున్న అమ్మ సంగతేంటి? ఆమెకు తెలుగు వచ్చు, ఇంగ్లీషు రాదు. ‘త’కు చిన్న టీ, ‘ట’కు పెద్ద టీ, ‘ళ’కు పెద్ద ఎల్ అని ఆమెకు చెప్పడమంటే, ఆమె ఇంట్లోకి ఆమె పోవడానికి పక్కింటి గుమ్మం దాటి రమ్మనడమే. అరవై ఏళ్లొచ్చాక సొంత భాష రాయడానికి ముందు ఏబీసీడీలు దిద్దాలా?

ఇంకో చిక్కుంది. ఫోనుల్లో, కొన్ని కంప్యూటరు పనిముట్లలో సగం కొట్టగానే యంత్రం మాటను ఊహించి ముందు పెడుతుంది. అది ఊహించేది తనకు తెలిసిన మాటల్లోంచే. పేపర్లలో, పుస్తకాల్లో ఎక్కువగా వచ్చిన మాటలే దానికి తెలుసు. మన నోటి మాటలు, మన యాస, మనల్ని తిట్టిన తిట్టు దాని లెక్కలో చివర్న ఉంటాయి, ఒక్కోసారి ఉండనే ఉండవు. తొందరలో వేలు తగిలితే మన మాట పోయి దాని మాట కూర్చుంటుంది. ఫోనులో నోటితో చెబితే అదే రాసుకుంటుంది గదా అంటారు కొందరు. మంచిదే, ఇంటికాడ కూర్చుని చుట్టానికి కబురు పంపడానికి వాడుకోండి. జరిగిన అవమానాన్ని గట్టిగా నోటితో చదివి వినిపించాల్సిన చోట నాలుగు చెవులుంటాయి. పైగా ఏ మాట మార్చిందో చూసి దిద్దడానికైనా మీటలు రావాలి.

మూడో దారి ఇన్‌స్క్రిప్ట్. మేం పట్టుబట్టేది దీనికే. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ దీన్ని ప్రామాణికం చేసింది. 1991లో భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 13194 పేరుతో ఖరారు చేసిన ప్రమాణంలో ఇది ఉంది. అదే 1991లో యూనికోడ్ మొదటి రూపం వచ్చింది, ప్రపంచమంతా చెల్లే నంబర్లు తెలుగు అక్షరాలకు అందులో దక్కాయి. ఆ ఏడాది ఆగస్టు 6న చుండూరులో మనవాళ్లు ఎనిమిది మందిని నరికారు. ఆ కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. పదహారేళ్లు, ఇరవై మూడేళ్లు నడిచే కేసుల్లో నోటిమాట గాలికి పోతుంది, కాగితమే మిగులుతుంది. మొదటి రోజు కాగితం మీద ఏం పడిందో అదే చివరిదాకా వెంట వస్తుంది.

ఇన్‌స్క్రిప్ట్‌లో ఇంగ్లీషు అక్కర్లేదు. కుడిచేతి వైపు దాదాపు హల్లులు, ఎడమచేతి వైపు గుణింతపు గుర్తులు. నడిమి వరుసలో కుడిచేతి వేళ్ల కింద ప, ర, క, త, చ, ట. పై వరుసలో బ, హ, గ, ద, జ, డ. బడిలో గుణింతం చదివిన వరుసే ఇక్కడా పనిచేస్తుంది. ‘క’ కొట్టి గుడి కొడితే ‘కి’, ‘క’ కొట్టి కొమ్ము కొడితే ‘కు’. ఒత్తు కావాలంటే మధ్యలో పొల్లు మీట కొట్టాలి, అది డి అని రాసున్నచోట ఉంటుంది. మ, పొల్లు, మ కొడితే ‘మ్మ’. పలకా బలపం పట్టిన ఎవరికైనా ఇది కొత్త విద్య కాదు.

చేసి చూడండి. సి అని రాసున్న మీట ‘మ’. ఈ అని రాసున్నది దీర్ఘం. ఎన్ అని రాసున్నది ‘ల’. మూడు మీటలు కొడితే ‘మాల’. సి, ఈ, ఓ, ఎఫ్, ఐ ఐదూ వరసగా కొడితే ‘మాదిగ’. రెండింటిలో ఒక్కదానికీ షిఫ్ట్ నొక్కే పని లేదు. ‘దళిత’ అనడానికి మాత్రం ‘ళ’ దగ్గర ఒక్కసారి షిఫ్ట్ పట్టాలి. ఖ, ఘ, ఛ, ఝ, థ, ధ, ఫ, భ అన్నీ షిఫ్ట్ కిందే ఉన్నాయి. ఒత్తులు పలకడం రాదని బడిలో మన పిల్లల్ని నిలబెట్టి నవ్విన పంతుళ్లను మేం చూశాం. ఆ ఒత్తక్షరాలు ఈ బోర్డులో అడుగున ఉన్నాయి, మన నాలుక మీద తేలిగ్గా తిరిగే క, గ, చ, త, ద, ప, బ పైన కూర్చున్నాయి. చేసినవాళ్లు మన గురించి ఆలోచించి చేశారని అనం. మనకు కలిసొచ్చింది.

ఇక పెట్టుకోవడం ఎట్లా? విండోస్ 10, 11 ఉన్న కంప్యూటరులో స్టార్ట్ నొక్కి సెట్టింగ్స్‌లోకి పోవాలి. టైమ్ అండ్ లాంగ్వేజ్ అని ఉంటుంది. దాని లోపల లాంగ్వేజ్, 11లో అయితే లాంగ్వేజ్ అండ్ రీజియన్. అక్కడ యాడ్ ఎ లాంగ్వేజ్ నొక్కి తెలుగు వెతికి ఎంచుకోవాలి. మెనూలన్నీ తెలుగులోకి మార్చమంటారా అని అడిగే చోట టిక్కు తీసేయండి, కొత్తవాళ్లు కంగారుపడతారు. తెలుగు చేరాక దాని పక్కన లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి కీబోర్డులు చూడండి. ఇన్‌స్క్రిప్ట్ ఉంటే సరే, ఫొనెటిక్ మాత్రమే ఉంటే యాడ్ ఎ కీబోర్డ్ నొక్కి ఇన్‌స్క్రిప్ట్ చేర్చండి. రెండూ ఉంచుకోవచ్చు, ఒకదానికొకటి అడ్డం రావు. తెలుగు చేర్చితే ఇంగ్లీషు పోతుందేమోనని భయపడేవాళ్లున్నారు. పోదు. విండోస్ గుర్తున్న మీట పట్టుకుని స్పేస్ బారు కొడితే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారుతుంది. గడియారం పక్కన మూలలో ఏ భాషలో ఉన్నామో కనబడుతుంది. పాస్‌వర్డ్ కొడుతుంటే తీసుకోవడం లేదంటే ముందు ఆ మూల చూడండి, సగం సార్లు రోగం అక్కడే ఉంటుంది.

మీటల మీద తెలుగు లేదు గదా, ఏది ఎక్కడుందో ఎట్లా తెలుస్తుంది? విండోస్ మీట, కంట్రోల్, ఓ మూడూ కలిపి నొక్కితే తెర మీదే కీబోర్డు బొమ్మ వస్తుంది. తెలుగులోకి మార్చి చూస్తే ఆ బొమ్మ మీద తెలుగు అక్షరాలు కనబడతాయి. షిఫ్ట్ నొక్కితే కింద దాగున్నవి బయటికొస్తాయి. మొదటి వారం ఆ బొమ్మ చూస్తూ కొట్టాలి. ఇంకా తేలిక కావాలంటే తెల్లకాగితం చిన్న ముక్కలు కత్తిరించి, అక్షరాలు రాసి, మీటల మీద టేపుతో అంటించండి. ఇంగ్లీషు అక్షరం కూడా కనబడేట్టు ఒక మూలకే అంటించడం మంచిది.

పాత మిషన్ల సంగతి వేరే చెప్పాలి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. దాతలు ఇచ్చిన పాత పెట్టెలు చాలావరకు 11కి అర్హం కావు. వాటిని తుక్కుకు అమ్మొద్దు. లినక్స్ అనే ఉచిత వ్యవస్థ ఉంది, లైసెన్సుకు పైసా కట్టక్కర్లేదు. ఉబుంటు లాంటి దాంట్లో సెట్టింగ్స్, కీబోర్డ్, ఇన్‌పుట్ సోర్సెస్ దగ్గర ప్లస్ గుర్తు నొక్కితే తెలుగు దొరుకుతుంది. అందులో ఎమ్17ఎన్ అనే పొట్లం చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఆర్టీఎస్, పోతన, ఆపిల్ అమరికలు కూడా వస్తాయి. డీటీపీ షాపుల్లో ఆపిల్ మీటలకు చేతులు అలవాటుపడిన మన కుర్రాళ్లున్నారు. వాళ్లను మళ్లీ మొదటి నుంచి నేర్చుకోమనడం ఎందుకు? అదే అమరికతో యూనికోడ్‌లో కొట్టమనండి, ఫైలు ఎక్కడికి పోయినా తెలుగుగానే ఉంటుంది.

ఇక్కడ ఒక వాదానికి జవాబు చెప్పాలి. దళితులకు ఇంగ్లీషు కావాలని మనమే కొట్లాడుతున్నాం, ఇప్పుడు తెలుగు మీటలు నేర్వమంటే వెనక్కి లాగినట్టు కాదా అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. మా పిల్లలకు ఇంగ్లీషు మీడియం కావాలి, దాంట్లో రాజీ లేదు. తమ పిల్లల్ని కాన్వెంటులో వేసి మన పిల్లలకు మాతృభాష మహిమ బోధించే పెద్దల మాట మేం వినం. కానీ స్టేషన్లో, మండలాఫీసులో మన కాగితం తెలుగులోనే నడుస్తోంది. ఇంగ్లీషు వచ్చేదాకా ఆగమని నలభై ఏళ్ల కూలితల్లికి చెబుతామా? ఆమె మీద ఇవ్వాళ దెబ్బ పడింది. నెల్లూరు జిల్లాలో 1990లో అక్షరాస్యత ఉద్యమం మొదలైతే, దూబగుంట ఆడవాళ్లు నేర్చుకున్న అక్షరాలతో సారా దుకాణం మీదికి పోయారు. 1993లో సర్కారు సారా నిషేధించక తప్పలేదు. వాళ్లు చదివింది తెలుగు వాచకమే. పిల్లకు ఇంగ్లీషు, తల్లికి తెలుగు మీటలు. రెండూ ఒకే పెట్టెలో ఉన్నప్పుడు ఒకటి ఎందుకు వదులుకోవాలి?

చట్టం కూడా కొంత మారింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం కేసు పెట్టదగిన నేరం గురించి ఎలక్ట్రానిక్ పద్ధతిలోనూ సమాచారం ఇవ్వొచ్చు. ఇచ్చినవాళ్లు మూడు రోజుల్లోపు సంతకం పెడితే దాన్ని రికార్డుకు ఎక్కించాలి. ఎఫ్ఐఆర్ నకలు బాధితులకు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్లో తీసుకోకపోతే రాతపూర్వకంగా పోస్టులో ఎస్పీకి పంపొచ్చు. నోటితో చెప్పినదాన్ని స్టేషన్లో రాసుకుంటే, సంతకానికి ముందు చదివి వినిపించడం అధికారి విధి అని అత్యాచారాల నిరోధక చట్టం 4వ సెక్షను చెబుతోంది. చదివి వినిపించినప్పుడు మన దగ్గర మనం కొట్టిన కాగితం ఉంటే పక్కన పెట్టి సరిచూసుకోవచ్చు. లేకపోతే తలూపడమే.

కాబట్టి సంఘాలకు మా మాట. ప్రతి పేటలో ఇద్దరిని తయారు చేయండి, అందులో ఒకరు ఆడమనిషి అయి తీరాలి. ఆడవాళ్ల మీద జరిగిన అఘాయిత్యాన్ని మగపిల్లవాడి పక్కన కూర్చుని చెప్పించడం ఇంకో శిక్ష. రోజుకు అరగంట చొప్పున కూర్చుంటే నెల దాటేసరికి చూడకుండా కొట్టలేకపోయినా చూసి కొట్టగలుగుతారు. బడిలో పంతులుగా ఉన్న మనవాళ్లు సాయంత్రం ఒక గంట ఇటు రావాలి. పిల్లలకు ‘ప ర క త చ ట’ వరుస నేర్పితే వాళ్లే ఇంట్లో అమ్మకు నేర్పుతారు. మొదటి పాఠంగా తమ పేరు, ఊరి పేరు, పేట పేరు కొట్టించండి. రెండో పాఠంగా ఒక అర్జీ. అందులో తేదీ, టైము, చోటు, అక్కడున్నవాళ్ల పేర్లు, అన్న మాట అన్నట్టుగా ఉండాలి. ఆ మాట ఎంత పచ్చిగా ఉన్నా సరే, కొమ్ములు పెట్టి కొట్టండి. సిగ్గు తిట్టినవాడిది.

కొట్టిన ప్రతి కాగితం ఫైలు తేదీతో దాచండి, ఇంకో నకలు పెన్‌డ్రైవులో ఉంచండి. బాధితుల పేర్లున్న ఫైళ్లు అందరూ వాడే పెట్టెలో తెరిచి వదిలేయకూడదు. సంఘం బాధ్యుల దగ్గర పాస్‌వర్డ్ ఉండాలి, ఆ పాస్‌వర్డ్ ఇంగ్లీషు మీటల్లోనే పెట్టుకోండి.

వచ్చే సంచిక వెనక అట్ట మీద ఇన్‌స్క్రిప్ట్ పటం రెండు వరుసలుగా వేస్తున్నాం, మామూలుగా కొడితే వచ్చేవి ఒకటి, షిఫ్ట్ పట్టి కొడితే వచ్చేవి ఇంకొకటి. కత్తిరించి కంప్యూటరు పక్క గోడకు అంటించుకోండి. ఎన్ని పేటలకు ఎన్ని కాపీలు కావాలో కార్యకర్తలు ముందే రాసి పంపితే ఆ మేరకు అట్టలు ఎక్కువ కొట్టిస్తాం.